గున్‌వోర్ తోక

మా తమ్ముడు టోర్కెల్ నలుగురినీ నవ్వించడంలో దిట్ట. కాకపోతే ఎవరో ఒకరిని ఏడిపించకుండా నవ్వించడం వాడికి చేతకాదు. చిన్నప్పుడు ఆ ఒకరు వాడి అక్కనైన నేనే. పెళ్ళయ్యాక వాడి భార్య గున్‌వోర్ ఆ పని అందుకుంది. అందుకుంది అంటే అడిగి తీసుకుందని కాదు, ఇంకెవరూ దొరకలేదు.

చలికాలం ముదిరితే మా బ్యూర్‌త్రెస్క్ సరస్సు లారీ ఎక్కినా కదలనంత గట్టిగా గడ్డకడుతుంది. అప్పుడు ఊరి జనమంతా తమ తమ ట్రైలర్లను లాక్కెళ్ళి దాని మీద నిలబెడతారు. మా ట్రైలర్లంటే నాలుగు గోడలు, ఒక కప్పు, ఒక తలుపు, ఒక మంచం, మంచం పక్కన నేలలో ఒక కన్నం. చక్రాలు పైకి లాగేస్తే ట్రైలర్ పొట్ట మంచుకు ఆనుకుంటుంది. కన్నంలోంచి గడ్డకు బోరు వేసి, మంచం మీద బోర్లా పడుకుని గాలం వదులుతాం. వంట, నిద్ర, పేకాట, కొట్లాట అన్నీ అందులోనే.

నేలలో కన్నం పెట్టుకున్నాక గాలి ఊరుకుంటుందా? కిందినుంచి కాళ్ళు కొరుక్కుతింటుంది. అందుకని ట్రైలర్ చుట్టూ పారలతో మంచు పోసి, బూట్లతో తొక్కి, గట్టు కడతాం. మా తాతల నుంచీ ఉన్న అలవాటిది. వాళ్ళవి కట్టెల పొయ్యిలు, పొగ కప్పులోంచి పోయేది. ఇప్పుడందరివీ డీజిల్ హీటర్లు. వీటి పొగగొట్టం నేలలోంచి కిందికి దిగుతుంది. రోడ్డు మీదైతే ట్రైలర్ కింద గాలి ఆడుతుంది కాబట్టి ఏ గొడవా లేదు. సరస్సు మీద గట్టు కట్టేశాక ఆ పొగ ఎటు పోవాలి? కన్నంలోంచి మళ్ళీ మన ముక్కు దగ్గరికే రావాలి. ఈ ముక్క బుర్రకెక్కడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మా తమ్ముడికి ఎక్కలేదు, అంతే.

గున్‌వోర్‌కు మొదటి ఏడాదే తెలిసిపోయింది. ఎక్కడ చూసి తెచ్చిందో గాని, వంచితే వంగే ఇనప గొట్టం ఒకటి, మనిషి పొడవున్నది తెచ్చింది. ట్రైలర్ దించిన ప్రతిసారీ వీపు మీద పాక్కుంటూ కిందికి దూరి, దాన్ని పొగగొట్టానికి బిగించేది. గాలి ఏ వైపునుంచి వస్తోందో చూసి, రెండో వైపు గట్టులో సందు చేసి దాన్ని బయటికి లాగేది. మంచు కప్పేయకుండా దాని కొసను ఒక స్కీ కర్రకు ఎత్తి కట్టేది. గాలి దిక్కు మారితే మళ్ళీ దూరి, మళ్ళీ మార్చేది. కప్పులోని చిన్న కిటికీ వేలెడు తెరిచి ఉంచేది. తలగడ పక్కన విషవాయువు వస్తే కూసే అలారం ఒకటి తగిలించి, బ్యాటరీ ఉందో లేదో నొక్కి చూసుకునేది. ఇంత చేస్తే డీజిల్ హీటర్ అంత మంచి వస్తువు ఇంకోటి లేదు. నా ట్రైలర్‌లో నేనూ ఇలాగే చేస్తాను.

టోర్కెల్‌కు మాత్రం ఆ గొట్టాన్ని చూస్తే ఒళ్ళు మండేది. సందులోంచి చలి వస్తోందట. పైగా దూరంనుంచి చూస్తే ట్రైలర్ వెనక ఏదో వేలాడుతున్నట్టు కనిపించేది.

"మా ఆవిడ ట్రైలర్‌కు తోక కుట్టింది చూడండ్రా!" అని కేకలు పెట్టేవాడు. "ఇంక పాలు పితకడమే తరువాయి!"

ఒకరోజు చేపలు వేయిస్తుంటే అలారం కూసింది. గున్‌వోర్ కిటికీ తీయబోతే టోర్కెల్ అలారాన్ని గోడమీంచి పీకి కన్నంలో పడేశాడు. అది కూస్తూనే మునిగిపోయింది.

"ఇంక చేపలకు చెప్పుకో పో," అన్నాడు.

ఈ కథ సరస్సు మీద ఆ చలికాలమంతా తిరిగింది. చెప్పినవాళ్ళు అలారంలా కూసి మరీ చెప్పేవారు. గున్‌వోర్ ఇంకొకటి కొంది. అదీ అదే దారి పట్టింది. మూడోదాన్ని గోడకు తగిలించడం మానేసి కోటు జేబులో పెట్టుకుని తిరిగేది.

చలికాలం చివర మాకు పందెం ఉంటుంది. ఎవరి ట్రైలర్‌లో వాళ్ళుంటారు. చేపల సంఘం పెద్ద రూబెన్ కొమ్ము ఊదుతాడు, గాలాలు పడతాయి. మళ్ళీ ఊదినప్పుడు ఎవరి చేప బరువైతే వాళ్ళది గెలుపు. రెండు కొమ్ముల మధ్య మాత్రం గడ్డ మీద ఎవరూ నడవకూడదు. అడుగుల చప్పుడు కిందికి దిగి చేపలు చెదిరిపోతాయి. ఇంకొకరి తలుపు కొట్టడమైతే చెప్పనే అక్కర్లేదు, మొహం చెల్లదు. వెనకటికి ఒకాయన పక్కవాడి స్నో స్కూటర్ కాలిపోతోందని తలుపు కొట్టాడు. పడబోయిన చేప పోయిందట. ఆ ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. ఊళ్ళో తప్పెవరిదని అడిగితే తలుపు కొట్టినవాడిదే అంటారు.

ఆ ఏడాది పందెం రోజు పొద్దున్నే ఉత్తరపు గాలి మొదలైంది. కొమ్ము ఊదక ముందు మగవాళ్ళంతా టోర్కెల్ ట్రైలర్ దగ్గర చేరి కాఫీ తాగుతున్నారు. గున్‌వోర్ ట్రైలర్ కింద దూరి గొట్టం బిగిస్తోంది. బయటికి బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

టోర్కెల్ ఆ బూట్లు పట్టుకుని ఆమెను ఈడ్చాడు. మంచు మీద జారుతూ వచ్చేసింది, చేతిలో గొట్టం అలాగే ఉంది. అది లాక్కుని, లేచి నిలబడిన ఆమె నడుం బెల్టుకు వెనకవైపు కట్టేశాడు.

"తోక మీద అంత మోజుంటే నువ్వే పెట్టుకో! నడువు, నడువు! కొంచెం ఊపు!"

ఆమె రెండడుగులు వేసింది. గొట్టం గడ్డ మీద డబడబ లాడుతూ వెంట వచ్చింది. అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చప్పుడు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది.

గున్‌వోర్ ఏడవలేదు. ఆగి, వెనక్కి తిరిగి, నవ్వుతున్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది. నా మొహం కూడా చూసింది.

"ఏమే, కోపమొచ్చిందా?" అన్నాడు టోర్కెల్.

"లేదు. ఇది మళ్ళీ బిగించమంటావా, వద్దంటావా?"

"వద్దు."

"గట్టిగా చెప్పు. అందరికీ వినపడాలి."

వాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని సరస్సంతా దద్దరిల్లేలా అరిచాడు. "వద్దూ! ఆ తోక పట్టుకుని మళ్ళీ నా ట్రైలర్ కిందికి దూరావంటే నిన్ను కూడా కన్నంలోకి దింపుతా!"

"సరే," అంది గున్‌వోర్.

టోర్కెల్ పార తీసుకుని ఆమె చేసిన సందు పూడ్చాడు. చుట్టూ ఇంకో వరస మంచు పోసి తొక్కాడు. కప్పు కిటికీ మూసి, అంచుల్లో గుడ్డ కుక్కాడు. "ఇప్పుడు చీమ ఊపిరి కూడా దూరదు," అని మెచ్చుకుని లోపలికి పోయాడు. తలుపు పడింది. రూబెన్ కొమ్ము ఊదాడు.

గున్‌వోర్ వాడి వెంట పోలేదు, నా ట్రైలర్‌కు వచ్చి కూర్చుంది. వచ్చినప్పుడు తోక అలాగే ఉంది. నెమ్మదిగా విప్పి, చుట్ట చుట్టి బల్ల మీద పెట్టింది. నేను గాలం వదిలి, కాఫీ కలిపి, మా వైపు అలవాటు ప్రకారం అందులో జున్నుముక్కలు వేసి ఇచ్చాను.

"వాడి సంగతి తెలిసిందేగా. నోటి దురద తప్ప మనసులో ఏం ఉండదు," అన్నాను.

"అవును వదినా."

ఆమె కాఫీ తాగింది. జున్ను బాగా కుదిరిందంది. ఇంకో కప్పు అడిగింది. నా దగ్గర ఏనాడూ ఏదీ రెండోసారి అడగని మనిషి. ఊళ్ళో కబుర్లు చెప్పింది, బళ్ళో పిల్లలకు వంట చేసేటప్పుడు జరిగిన తమాషాలు చెప్పింది. ఇంత బాగా మాట్లాడుతుందని నాకు తెలియదు. నా ధ్యాస గాలం మీద ఉంది, మధ్య మధ్య ఊఁ కొడుతున్నాను. బయట గాలి పెరిగింది. గడ్డ మీది పొడిమంచు నేలబారున పారుతోంది.

గున్‌వోర్ కిటికీలోంచి తమ ట్రైలర్ వైపు చూసింది.

"హీటర్ బాగా మండుతోంది. ఒకచోట గట్టు నల్లబడింది, చూడు."

నేను తల ఎత్తాను. ఆమె కోటు జేబులోంచి అలారం తీసి గొట్టం పక్కన పెట్టింది.

"ఇది కూడా ఇక్కడే ఉంది," అంది.

నాకు అప్పుడు బుర్ర పని చేసింది. గొట్టం నా బల్ల మీద, అలారం నా బల్ల మీద, కప్పు కిటికీలో గుడ్డ.

"నువ్వు వాడికి చెప్పలేదా?"

"ఇన్నేళ్ళుగా నేను చెప్తున్నదేంటి వదినా? ఇవాళ అడిగాను కూడా. వద్దన్నాడు. మీరంతా విన్నారు."

గాలం వదిలేసి లేచాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"కొమ్ము ఊదలేదు. నడిస్తే చేపలు చెదిరిపోతాయి."

"వాడు నా తమ్ముడే!"

"నాకు మొగుడు."

ఆమె నన్ను గట్టిగా పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే, కోపంలో ఉంది పాపం అని ఇవాళ్టికైనా అనుకునేదాన్ని. చెయ్యి అలా వేసి, తీసేసి, కప్పు అందుకుంది.

నేను పరుగెత్తాను. బూట్ల కింద గడ్డ డమడమ మోగింది. ట్రైలర్ కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"హెల్ఫ్రిద్! నీకేమైనా మతిపోయిందా?"

"తమ్ముడి చేప ఎత్తిపెట్టడానికి పోతోంది, దొంగ ముసల్ది!"

"నా గాలం! ఇప్పుడే కొరికిందే! నీ కాళ్ళు విరగ!"

నేను ఆగలేదు. రూబెన్ మెడలో కొమ్ముతో ఎదురొచ్చాడు. "నిన్ను పందెంలోంచి తీసేస్తున్నా," అన్నాడు.

"తీసెయ్. ముందు పార పట్రా!"

నా మొహం చూసి వాడు పార తెచ్చాడు. తలుపు ముందు గాలి తెచ్చిపోసిన మంచు మోకాళ్ళ దాకా ఉంది. ఇద్దరం తవ్వి తలుపు లాగాం. లోపలినుంచి వేడి, డీజిల్ కంపు ఒక్కసారి మొహాన కొట్టాయి. టోర్కెల్ మంచం మీద బోర్లా పడి ఉన్నాడు. బుగ్గలు మంచులో ఆడి వచ్చిన పిల్లాడి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. ఒక చెయ్యి కన్నంలోకి వేలాడుతోంది. గాలం తాడు మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఆ చెయ్యి కదులుతోంది.

"బతికే ఉన్నాడు! చెయ్యి ఆడిస్తున్నాడు!" అని అరిచాను.

రూబెన్ ఊపిరి బిగబట్టి లోపలికి దూరి చూశాడు. "ఆడిస్తోంది వాడు కాదు," అన్నాడు. "చేప."

ఇద్దరం వాణ్ణి కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చాం. పొద్దున గున్‌వోర్‌ను వాడు ఎలా ఈడ్చాడో అలాగే. తాడు వెంట చేప కూడా వచ్చింది. చేతి పొడవున్న ఎర్రపొట్ట చేప. అంతలో జనం చేరారు. వాడి ముక్కు దగ్గర చెంప పెట్టి చూశాను, సన్నగా ఊపిరి తగిలింది. ఏడుస్తూ తల ఎత్తి చూస్తే, చేరినవాళ్ళలో సగం మంది చేపను చూస్తున్నారు.

హెలికాప్టర్ వచ్చి వాణ్ణి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. అది కనుమరుగయ్యాక రూబెన్ కళ్ళు తుడుచుకుని కొమ్ము ఊదాడు. తరువాత చేపలు తూచాడు. అందరిలోకీ టోర్కెల్‌దే బరువైంది. తాడు వాడి చేతికే ఉంది, చేప రెండో కొమ్ముకు ముందే పడింది, ఇంక వాదనేముంది అన్నారు. బహుమతిగా ఇచ్చే, గడ్డ తొలిచే కొత్త బోరు మర గున్‌వోర్ అందుకుంది. థాంక్స్ అని చెప్పి, స్నో స్కూటర్ వెనక కట్టుకుని ఇంటికి పోయింది.

పోలీసు వచ్చి అడిగాడు. గొట్టం పీకిందెవరు? టోర్కెల్. గట్టు పూడ్చిందెవరు? టోర్కెల్. కిటికీలో గుడ్డ కుక్కిందెవరు? టోర్కెల్. సరస్సు మొత్తం సాక్ష్యం చెప్పింది. నా ట్రైలర్‌లో ఆమె అన్న మాటలు నేను పొల్లుపోకుండా చెప్పాను. పోలీసు తల గోక్కున్నాడు. "వద్దని ఆయనే అరిచాడుగా, ఇంక ఆవిడ ఏం చెయ్యాలంటారు?" అన్నాడు. తలుపు కొట్టాలి అన్నాను. రెండో కొమ్ముకు ముందు తలుపు కొట్టే ఆచారం మీకు లేదటగా అన్నాడు.

టోర్కెల్ తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. నర్సులను ఏడిపించిన కబుర్లు చెప్పాడు. గండం గడిచిందనుకున్నాం. సరస్సు కరగడం మొదలైనప్పుడు వాడూ కరగడం మొదలుపెట్టాడు. ముందు జోకులు పోయాయి. మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయేవాడు. తరువాత బొత్తాలు పెట్టుకోవడం మరిచిపోయాడు. చేతులు వణకడం వచ్చింది. ఆ విషవాయువు ఒక్కోసారి అంతే, మనిషిని ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ పట్టుకుపోతుంది అని డాక్టరు చెప్పాడు. చివరికి చెప్పిన పని చెప్పినట్టు చేసే నెమ్మదస్తుడు మిగిలాడు. మా అమ్మ బతికి ఉంటే వాణ్ణి గుర్తుపట్టేది కాదు.

మళ్ళీ పందెం వచ్చింది. ఈసారి ట్రైలర్ గున్‌వోరే లాక్కొచ్చింది. చక్రాలు ఎత్తింది. కిందికి దూరి గొట్టం బిగించింది. గాలికి వెనకవైపు సందు చేసింది, కొసను కర్రకు కట్టింది, కప్పు కిటికీ వేలెడు తెరిచింది, అలారం నొక్కి చూసింది. ఏ తప్పూ పట్టడానికి లేదు. అన్నీ అయ్యాక గొట్టం కొస పక్కన మడతకుర్చీ వేసి, రెయిన్‌డీర్ చర్మం పరిచి, టోర్కెల్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. వాడి చేతిలో చిన్న చీపురు పెట్టింది.

"మంచు చేరితే తుడువు. నేను చెప్పేదాకా లేవకు."

"లేవను," అన్నాడు వాడు.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, కాఫీ తాగుతున్న మగవాళ్ళ వైపు తిరిగింది.

"చూడండ్రా! మా ట్రైలర్‌కు తోకే కాదు, తోకకు కాపలా కూడా ఉంది!"

అందరూ కప్పుల్లోకి తలలు దించుకున్నారు. ఆమె ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఏం? పోయినేడు బాగా నవ్వారుగా?"

ఒకరిద్దరు భయానికి నవ్వారు. వాళ్ళ నవ్వు చూసి టోర్కెల్ కూడా నవ్వాడు. నలుగురు నవ్వడం వాడికి ముందునుంచీ ఇష్టం.

కొమ్ము ఊదారు. తలుపులు పడ్డాయి. నేను గాలం వెయ్యలేదు, కిటికీ దగ్గర కూర్చుని వాణ్ణే చూస్తున్నాను. కాసేపటికి మంచు మొదలైంది. వాడు గొట్టం కొస తుడుస్తున్నాడు, మళ్ళీ తుడుస్తున్నాడు. భుజాల మీద మంచు పేరుకుపోతోంది, అది దులుపుకోమని వాడికి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంక నావల్ల కాలేదు. లేచి వెళ్ళాను. కిటికీలోంచి ఎవరూ నన్ను తిట్టలేదు.

"లేరా. నా దగ్గరికి రా, వేడిగా కాఫీ ఇస్తా."

"గున్‌వోర్ చెప్పలేదక్కా."

"నేను చెప్తున్నా. లే."

రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. చేతికి కప్పు ఇచ్చి, జున్నుముక్కలు రెండు ఎక్కువే వేశాను. వాడి వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, నా అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. చిన్నప్పుడు నన్ను అంత ఏడిపించిన వెధవ, ఇప్పుడు ఒక్క మాట అంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది. ముసల్దానా అనైనా అనలేదు. వాడు రెండు గుక్కలు తాగి కిటికీ వైపు చూశాడు.

"మంచు పడుతోంది," అన్నాడు. "గొట్టం మూసుకుపోతే పొగ కిందే ఉండిపోతుంది. కన్నంలోంచి పైకొస్తుంది. లోపల గున్‌వోర్ ఉంది."

ఇన్నేళ్ళూ ఆమె చెప్పిన మాటే. చెవిన పెట్టని రోజుల్లో ఎక్కడ దాగిందో, అన్నీ పోయాక అదొక్కటే వాడి బుర్రలో మిగిలింది. కప్పు కింద పెట్టి, చీపురు తీసుకుని, నేను వద్దంటున్నా వినకుండా వెళ్ళిపోయాడు. కుర్చీ దగ్గర మంచులో మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం కొస చుట్టూ వేళ్ళతో తవ్వడం మొదలుపెట్టాడు.

నేను వెంటపడి వెళ్ళి గున్‌వోర్ కిటికీ మీద పిడికిలితో బాదాను.

"వాణ్ణి లోపలికి పిలువు! చచ్చిపోతాడే!"

ఆమె మంచం మీద ఒట్టి చొక్కాతో పడుకుని ఉంది. లోపల అంత వెచ్చగా ఉంది. గాలం పక్కన పెట్టి, నెమ్మదిగా లేచి, కిటికీ కొంచెం తెరిచింది.

"కొమ్ము ఊదలేదు వదినా," అంది. "చప్పుడు చెయ్యకు, చేపలు చెదిరిపోతాయి."

కిటికీ మూసేసింది.